దిద్దుకునే దారి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులకు కావలసిన కంప్యూటర్ వ్యవస్థలు తయారు చేసే పనిలో ఉన్నాను. బిల్లులు, జీతాలు, స్టాకు లెక్కలు, రసీదులు, ఇవే నా లోకం. "నీ పని గురించి అందరికీ అర్థమయ్యేటట్టు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. కష్టమైన పని చెప్పారు. మా ఇంట్లోవాళ్లకే నేను ఏం చేస్తానో ఇంకా సరిగ్గా తెలియదు.

నా పనిలో మూడు భాగాలున్నాయి. మనిషి చూసే తెరను, అందులో నింపే గడులను తయారు చేయడం ఒకటి. దీన్నే ఇంటర్‌ఫేస్ అంటాం. లోపలి లెక్కకూ బయటి మనిషికీ మధ్య ఉండే కిటికీ అనుకోండి. అది సరిగ్గా నడుస్తుందో లేదో పరీక్షించడం రెండోది. దాన్ని ఆఫీసులో పెట్టి, అక్కడివాళ్ల చేతికి అలవాటయ్యేదాకా దగ్గరుండడం మూడోది. ఈ మూడింటి గురించి లావుపాటి పుస్తకాలున్నాయి. నాకు తెలిసింది మాత్రం ఒక్క మాటలో చెప్పవచ్చు. తప్పు రాయడం ఎంత సులువో, ఆ తప్పు దిద్దుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. అట్లా లేకపోతే ఆ వ్యవస్థ పూర్తయినట్టు కాదు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒక పెద్దాయన బర్రెను అమ్ముకున్నాక నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పాల సంఘానికి బిల్లుల ప్రోగ్రాం రాశాను. ఏ ఊరు, ఏ సంఘం అన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. పొద్దున, సాయంత్రం రైతులు పాలు పోస్తారు. ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అన్నది గుమస్తా చీటీ మీద రాసుకుంటాడు. తర్వాత కంప్యూటర్లో ఎక్కిస్తాడు. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు. గుమస్తా పని తగ్గించాలని నేను ఒక తెలివైన పని చేశాననుకున్నాను. పేరులో మొదటి నాలుగు అక్షరాలు కొడితే చాలు, కింద పేర్ల జాబితా వస్తుంది, ఎంటర్ నొక్కితే పని అయిపోతుంది. జాబితాలో పేరు ఒక్కటే కనిపించేది. తండ్రి పేరు, సభ్యత్వ నంబరు తెర మీద స్థలం చాలక తీసేశాను.

మన దిక్కు ఊళ్లలో యాదయ్యలు, నర్సింహలు, లింగయ్యలు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పాలా? ఒకే పేరుతో ఇద్దరు రైతులుంటే, గుమస్తా ప్రతిసారీ మొదటి పేరు మీదే ఎంటర్ నొక్కాడు. మూడు బిల్లులు, అంటే నెలన్నర రోజులు ఒకాయన పోసిన పాలు ఇంకొకాయన ఖాతాలో పడ్డాయి.

నేను వెళ్లేసరికి ఆ పెద్దాయన సంఘం గుమ్మం దగ్గర కూర్చొని ఉన్నాడు. చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తెచ్చాడు. చూడగానే విషయం తెలిసిపోయింది. కానీ దిద్దడానికి నా ప్రోగ్రాంలో దారి లేదు. ఒకసారి బిల్లు ముద్రించాక ఎవరూ మార్చకూడదని, మోసాలు జరగకూడదని నేనే గట్టిగా తాళం వేశాను. ఆ తాళం గురించి అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఆయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "సారూ, తప్పు పడ్డట్టు నీకూ కనబడ్తనే ఉన్నది, నాకూ కనబడ్తనే ఉన్నది. మరి దిద్దేటందుకు ఎందుకు రాదు?"

నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ ఇద్దరు రైతులే సంఘం అరుగు మీద కూర్చొని, చీటీలు చూసుకుంటూ నోటుబుక్కులో లెక్క తేల్చుకున్నారు. రెండో ఆయన నిజాయితీపరుడు, రూపాయి తక్కువ కాకుండా తిరిగి ఇచ్చాడు. కానీ ఈలోగా దాణాకు డబ్బులు చాలక, బర్రె సరిగ్గా ఇస్తలేదేమో అనుకొని, పెద్దాయన ఉన్న రెండు బర్రెల్లో ఒకదాన్ని అమ్మేశాడు. డబ్బులు తిరిగి వచ్చాయి, బర్రె రాలేదు.

ఇంటికొచ్చి నన్ను నేను అడిగాను, మరి నేను పరీక్ష చేయలేదా? చేశాను. యాభై పేర్లు సొంతంగా రాసుకొని పరీక్షించాను. యాభై పేర్లూ వేర్వేరు పేర్లే. అందరి పాలూ బాగానే లెక్కకు వచ్చాయి. నాకు కుదిరే లోకాన్ని నేనే తయారు చేసుకొని, అందులో నా ప్రోగ్రాం పాసయిందని సంతోషపడ్డాను. ఆ సంఘంలో ఉన్న సభ్యుల అసలు పట్టీ ఒక్కసారి తెచ్చి చదివి ఉంటే, మొదటి పేజీలోనే ఒకే పేరున్న వాళ్లు కనిపించేవారు.

అప్పటి నుంచి పరీక్ష అంటే నా అర్థం మారింది. సరైన లెక్క సరిగ్గా వస్తుందా అన్నది సగం పరీక్షే. తప్పు లెక్క ఇస్తే ఏమంటుంది, తప్పు పడ్డాక ఎట్లా బయటపడాలి అన్నది మిగతా సగం.

మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. మన పహాణీల్లో భూమి విస్తీర్ణం 2.20 అని రాస్తారు. ఇక్కడున్న పిల్లవాణ్ణి అడిగినా రెండు ఎకరాల ఇరవై గుంటలు అంటాడు, అంటే రెండున్నర ఎకరాలు. పొలం చూడని ఇంజినీరుకు అది దశాంశ సంఖ్య. రెండు ముక్కలు కలిపితే 4.40 అంటాడు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అసలు జవాబు ఐదు ఎకరాలు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, 2.20ని దశాంశంగా తీసుకుంటే రెండు ఎకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. పన్నెండు గుంటలు మాయం. గుంటకు 121 చదరపు గజాలు, అంటే 1,452 గజాలు. ఎవరూ ఆక్రమించలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు, ఒక చుక్కను తప్పుగా చదివారు, అంతే.

అందుకే ఇట్లాంటి గడిని పరీక్షించే పిల్లలకు నేను మూడు లెక్కలు ఇస్తాను. 1.39కి 0.01 కలిపితే 2.00 రావాలి. 2.45 అని కొడితే తీసుకోకూడదు, ఎందుకంటే నలభై ఐదు గుంటలు అన్న మాటే ఉండదు. 2.5 అని కొడితే ఆగి అడగాలి, అది ఐదు గుంటలా, యాభయ్యా, అర ఎకరమా? అన్నిటికంటే మంచి పద్ధతి ఇంకా సులువు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి వేరువేరుగా పెట్టాలి. చుక్కే లేకపోతే గొడవే లేదు.

భూమి మాట వచ్చింది కాబట్టి ధరణి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇది రాజకీయ వేదిక కాదు. ఒక ఇంజినీరు ఇంకొక ఇంజినీరు పనిని చూసినట్టు మాత్రమే చూస్తాను.

2017 సెప్టెంబరులో మన రాష్ట్రంలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూములను పార్ట్ ఏ అని, వివాదం ఉన్నవాటిని పార్ట్ బి అని విడదీశారు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అందులో మెచ్చుకోవలసిన పని ఒకటి ఉంది. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, మ్యుటేషన్ ఇంకొక ఆఫీసులో. మధ్యలో ఎన్ని చెప్పులరిగేవో మన తండ్రులకు తెలుసు. వ్యవసాయ భూములకు ఆ రెండు పనులూ తహసీల్దారు ఆఫీసులో ఒకే పూట అయ్యేటట్టు చేశారు. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి అది నిజంగా మేలు.

మరి రికార్డు సరిగ్గా లేనివాడికి? పేరులో అక్షరం తప్పు పడ్డవాళ్లు, నాలుగు గుంటలు తక్కువ పడ్డవాళ్లు, ఒక సర్వే నంబరు పాసుబుక్కులో రానివాళ్లు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరినవాళ్లు ఊరూరా ఉన్నారు. మొదట్లో వాళ్లకు సరైన దారి లేదు. తర్వాత ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క మాడ్యూల్ కలుపుతూ పోయారు. చివరికి అవి 33 అయ్యాయి. పాసుబుక్కులో తప్పులు దిద్దే మాడ్యూల్‌కు టీఎం 33 అని పేరు. రైతు "నా పేరు తప్పు పడ్డది" అని వస్తాడు గాని "నాది టీఎం 33" అని రాడు కదా. పైగా చిన్న తప్పు కూడా చాలావరకు కలెక్టరుగారి లాగిన్ దాకా పోవలసి వచ్చేది. రాయడం మండలంలో, దిద్దడం జిల్లాలో. నా పాల బిల్లుకు వేసిన తాళం లాంటిదే ఇదీ. మోసం జరగకూడదనే వేసి ఉంటారు. కానీ తాళం వేసేవాడు, లోపల ఎవరైనా ఉండిపోయారా అని ఒకసారి చూసుకోవాలి.

2024 మార్చిలో ఆ అధికారాల్లో కొన్ని తహసీల్దార్లకూ ఆర్డీవోలకూ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 14న భూ భారతి ప్రారంభమైంది. 33 మాడ్యూళ్లు 6 అయ్యాయి. తహసీల్దారు నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, అక్కడి నుంచి కలెక్టరు దగ్గరికి అప్పీలుకు పోయే మెట్లు చట్టంలోనే పెట్టారు. రాష్ట్రమంతా ఒక్కసారే మొదలుపెట్టకుండా ముందు నాలుగు మండలాల్లో చూశారు. మన పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు, కామారెడ్డిలో లింగంపేట, ఖమ్మంలో నేలకొండపల్లి, ములుగులో వెంకటాపూర్. ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. జూన్‌లో మిగతా మండలాలకు వెళ్లారు. అది ఎంత బాగా పనిచేస్తుందో చెప్పవలసింది నేను కాదు, పాసుబుక్కు చేతిలో ఉన్న మీరు. ముందు కొద్ది చోట్ల పెట్టి చూడడం, తప్పును విని రాసుకునే మనిషిని ఊళ్లోకి పంపడం, ఈ రెండూ మాత్రం మా వృత్తిలో ఎప్పటి నుంచో చెబుతున్న మాటలే.

ఇంకొక సంగతి. మీ సేవ 2011 నవంబరులో మొదలైంది. మీరు ఏ మీ సేవ కేంద్రానికైనా వెళ్లి చూడండి. తెర ఆపరేటర్ వైపు తిరిగి ఉంటుంది. ఇవతల నిలబడ్డ మనిషికి కనిపించేది దాని వెనుక భాగం, వైర్లు. తెర ఒకరిది, బతుకు ఇంకొకరిది. పాత దస్తావేజు లేఖరులు ఈ విషయంలో మాకంటే నయం. రాసిందంతా గట్టిగా చదివి వినిపించి, విని ఒప్పుకున్నాకే వేలిముద్ర వేయించేవారు. చదువు రానివాడికి కూడా తన కాగితంలో ఏముందో తెలిసేది. అందుకే మా దగ్గర తయారయ్యే ప్రతి ఫారానికీ చివర ఒక పేజీ ఉండాలని నేను పట్టుబడతాను. నింపినదంతా తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఎదురుగా ఉన్న మనిషికి చదివి వినిపించే పేజీ. "అవును, ఇదే" అని ఆ మనిషి అన్నాకే ముందుకు పోవాలి.

మన పక్కనే పంతంగి టోల్‌గేటు ఉంది. సంక్రాంతికి అక్కడ బండ్లు ఎంత దూరం నిలబడేవో మనకు తెలుసు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ట్యాగ్ పనిచేస్తే బండి ఆగే పనే లేదు. పనిచేయకపోతే రెండింతలు కట్టాల్సి వచ్చేది. 2025 నవంబరు 15 నుంచి నియమం కొంచెం మార్చారు. నగదుకు రెండింతలే గాని, యూపీఐతో కడితే ఒకటింబావు వంతు చాలన్నారు. చిన్న మార్పే. కానీ ట్యాగ్ పనిచేయని మనిషి కూడా ఉంటాడని, అతనికీ ఒక దారి కావాలని ఎవరో ఆలోచించారు.

ఉపాధ్యాయులున్న సభలో ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాసిన పరీక్ష. ఆ ఏడాది ఫలితాల పని కొత్త వ్యవస్థ మీద నడిచింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. దిద్దినవారు కాగితం మీద సరిగ్గానే వేశారు, ఓఎంఆర్ పత్రంలో గుండ్రాలు నింపే చోట తప్పు జరిగింది. ఆ రోజుల్లో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో ఏం జరిగిందో దాని గురించి నేను మాట్లాడను, ఆ అర్హత నాకు లేదు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైనవాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. 1,137 మంది ఫెయిల్ నుంచి పాస్‌కు మారారు.

లక్షల్లో 1,137 చిన్న సంఖ్య అనిపించవచ్చు. మన బడిలో ఒక్కొక్క బ్యాచ్‌కు ఎంతమందిమి ఉండేవాళ్లమో గుర్తు చేసుకోండి. ఎన్ని బ్యాచులు కలిపితే అంతమంది అవుతారు?

దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మిగతా పేపర్లలో తొంభై దాటిన పిల్లకు ఒక్క పేపర్లో సున్నా వస్తే, ఫలితం బయటికి రాకముందు ఆ నంబరు ఒక మనిషి కళ్ల ముందుకు రావాలి. ఆ మనిషి పేపరు తీసి చూడాలి. మీ తరగతిలో బాగా చదివే పిల్లకు సున్నా వస్తే మీరు ఏం చేసేవారు? పేపరు మళ్లీ ఒకసారి తిరగేసేవారు. మా గురువులు అదే చేసేవారు. ఆ పనిని కంప్యూటరుకు నేర్పడమే పరీక్ష. ఇంకొకటి, కొత్త వ్యవస్థ పెట్టినప్పుడు కొంతకాలం పాతదాన్నీ పక్కనే నడిపించి రెండు లెక్కలూ ఒక్కటేనా అని సరిచూడాలి. దీన్ని మేం ప్యారలల్ రన్ అంటాం. ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ, అందుకే చాలాచోట్ల మొదట కోసేసేది దీన్నే. నేనూ నా సర్వీసులో రెండుసార్లు అట్లా కోయడానికి ఒప్పుకున్నాను. రెండుసార్లూ పశ్చాత్తాపపడ్డాను.

ప్రతి ఏడాదీ పదో తరగతి నామినల్ రోల్స్ మీ చేతుల మీదుగానే పోతాయి. పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె తప్పితే, ఆ పిల్లవాడు పాస్‌పోర్టుకు పోయినప్పుడో ఉద్యోగానికి పోయినప్పుడో అది బయటపడుతుంది. అప్పుడు దిద్దుకోవడం ఎంత కష్టమో మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి ఒక చిన్న విన్నపం. ఆన్‌లైన్‌లో పంపేముందు ఒక పీరియడ్ కేటాయించండి. ఒక్కొక్కరినీ నిలబెట్టి, వాళ్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ వాళ్లకే చదివి వినిపించండి. వీలైతే ఆ కాగితం ఇంటికి పంపి తల్లిదండ్రులకు చూపించమనండి. ఇంతకంటే చౌకైన పరీక్ష మా వృత్తిలో కూడా లేదు.

చివరగా మన ఇంటి సంగతి. రెండు నెలల కింద మన సంఘం సభ్యత్వ ఫారం నా ఫోన్‌కు వచ్చింది. బాగా చేశారు. అందులో ఒక గడికి ఎర్రచుక్క ఉంది, అది నింపకపోతే ముందుకు పోదు. "పదో తరగతి పాసైన సంవత్సరం." నేను నింపి పంపేశాను. మూడు దశాబ్దాలు ఇదే పని చేసినవాణ్ణి, నాకే ఆ చుక్క తప్పుగా కనిపించలేదు.

ఆ రాత్రి నా పక్క బెంచీ మిత్రుడు ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతిలో తండ్రి పోతే బడి మానేసి వ్యవసాయంలోకి దిగినవాడు. "అరే, ఆ ఫారం నన్ను లోపలికి రానిస్తలేదు. నేను మీతోని సదువుకోలేదారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ప్లాస్టిక్ సంచి పట్టుకున్న ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు.

మరునాడు కార్యదర్శిగారికి చెప్పాను. రెండు రోజుల్లో మార్చేశారు. ఇప్పుడు ఆ గడిలో "ఈ బడిలో చదివిన చివరి తరగతి, సంవత్సరం" అని ఉంది. ఆడపిల్లలకు పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది కాబట్టి "బడిలో ఉన్నప్పటి పేరు" అన్న గడి కూడా చేర్చారు. కింద ఒక ఫోన్ నంబరు పెట్టారు, తప్పు పడితే చెప్పడానికి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతాడు. చేసి చూశాను.

పలక మీద తప్పు రాస్తే మన గురువులు పలక పగలగొట్టలేదు. తుడిచి మళ్లీ రాయమన్నారు. ఇక్కడున్న పిల్లల్లో ఎందరో రేపు నా వృత్తిలోకి వస్తారు. మీరు తయారు చేసే ప్రతి తెర దగ్గరా ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ తప్పు పడితే, ఆ తప్పు పడ్డ మనిషి ఎక్కడికి పోవాలి? దానికి జవాబు దొరికేదాకా పని అయిపోయిందని చెప్పకండి.

నా మిత్రుడు ఇవాళ సభకు వచ్చాడు. ఆయన సభ్యత్వ రసీదులో పేరు సరిగ్గానే పడింది, ఇద్దరం కలిసి చదివి చూసుకున్నాం.